లాభం, రెండు, మూడు... ఒక ఫ్రేము కథ

మా తాతయ్య కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. తర్వాత "రెండు, మూడు, నాలుగు" అంటూ మామూలుగా సాగేది. ఊళ్లల్లో పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. నాకు మాత్రం చిన్నప్పుడు పెద్ద అనుమానం: మరి ఒకటి ఏమైపోయినట్టు? అడిగితే తాతయ్య నవ్వి, "ఎక్కడికీ పోలేదురా, పేరు మారింది అంతే. గింజలన్నీ బస్తాలోనే ఉన్నాయి" అన్నాడు.

ఆ మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది పోయిన సెమిస్టర్‌లో, అర్ధరాత్రి రెండింటికి, హాస్టల్ గదిలో ఒక ఫ్రేము కోసం వెతుకుతున్నప్పుడు. సాహితీ క్లబ్ పత్రికకి వీడియో ఫ్రేముల గోల ఎందుకురా అని మా ఎడిటర్ అడిగాడు. ఇది వీడియో గురించి కాదు, కొలత గురించి అని చెప్పాను. సగం నమ్మాడు. మిగతా సగం మీరు చదివి చెప్పండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద వీడియోని ముక్కలు చేసి నాణ్యత కొలవడంలో తప్పేం లేదు. గడియారం చూసి ముక్కలు కోయడంలోనే తప్పుంది. కోయాల్సింది ఫ్రేములు లెక్కపెట్టి. ఎన్ని కోశామో, ఎన్ని కలిపామో రిపోర్ట్‌లో రాయాలి. ఆ లెక్క లేని స్కోరుని నమ్మకూడదు, అది మన స్కోరే అయినా సరే.

ఇక జరిగింది చెప్తా. మా మినీ ప్రాజెక్ట్ ముగ్గురిది. టాపిక్ సింపుల్: ఒకే వీడియోని ఒకే బిట్‌రేట్‌లో హెచ్.264తో ఒకసారి, ఏవీ1తో ఒకసారి కుదించి, ఏది బాగుందో చూడటం. కొలవడానికి వీమాఫ్ వాడాం. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వీమాఫ్ అనేది నెట్‌ఫ్లిక్స్ యూనివర్సిటీల పరిశోధకులతో కలిసి తయారుచేసి, 2016లో ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన కొలమానం. అసలు వీడియోలోని ఒక ఫ్రేమునీ, కుదించిన వీడియోలోని అదే ఫ్రేమునీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. వివరం ఎంత మిగిలింది, ఎంత పాడైంది, ముందు ఫ్రేముకీ దీనికీ కదలిక ఎంత అన్నవి లెక్కేసి, మనుషులు ఇచ్చిన రేటింగ్స్ మీద ట్రైన్ చేసిన మోడల్‌తో 0 నుంచి 100 లోపు ఒక నంబర్ ఇస్తుంది. "అదే ఫ్రేము" అన్న మాట గుర్తుపెట్టుకోండి. కథంతా అక్కడే ఉంది.

మేం తీసుకున్న వీడియో మన కాలేజీ ఫెస్ట్‌లో తీసిన గ్రూప్ డాన్స్. పది నిమిషాలు, 17,982 ఫ్రేములు. పది నిమిషాలకి సెకనుకి 30 చొప్పున 18,000 రావాలి కదా అంటారా? కెమెరా మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రెండు ఆప్షన్లు ఉంటాయి. మన దేశంలో పాత అనలాగ్ టీవీ ప్రసారం పాల్ పద్ధతిలో ఉండేది, సెకనుకి 25 ఫ్రేములు. మా కెమెరా ఎవరో ఎన్‌టీఎస్‌సీలో పెట్టేశారు. అది అమెరికా పద్ధతి. అక్కడ 1953లో కలర్ టీవీ ప్రమాణం ఖాయం చేసినప్పుడు, రంగు సిగ్నల్ శబ్దం సిగ్నల్‌తో గొడవపడకుండా 30ని కొంచెం తగ్గించి 30000/1001 చేశారు. అంటే సుమారు 29.97. బ్లాక్ అండ్ వైట్ టీవీల కోసం చేసిన ఆ సర్దుబాటు ఇవాళ్టికీ మన కెమెరాల్లో బతికే ఉంది. దానివల్ల నిమిషానికి 1,800 ఫ్రేములు రావు, 1,798.2 వస్తాయి. ఆ .2 ఏ నిమిషం గీత మీదా సరిగ్గా కూర్చోదు.

మా ల్యాప్‌టాప్ మీద ఒక్కసారి కొలవడానికే చాలా టైమ్ పట్టేది. మేం కొలవాల్సినవి రెండు కోడెక్‌లు, ఒక్కోదానికి చాలా బిట్‌రేట్‌లు. ల్యాబ్‌లో పది సిస్టమ్స్ ఖాళీగా ఉన్నాయి. "మామా, నిమిషానికో ముక్క చేసి పదింటికీ పంచేద్దాం, చివర్లో పది స్కోర్ల యావరేజ్ తీసేద్దాం" అన్నాడు మావాడు. నిజాయితీగా ఒప్పుకోవాలి, ఆ మావాడు నేనే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ట్రిమ్ ఫిల్టర్‌కి సెకన్లు ఇచ్చి స్క్రిప్ట్ రాశా: 0 నుంచి 60, 60 నుంచి 120, అలా. గంట పని పది నిమిషాల్లోపే అయిపోతుంటే నన్ను నేనే మెచ్చుకున్నాను.

రిజల్ట్ వచ్చింది. హెచ్.264కి 92. ఏవీ1కి 90.7. పాత కోడెక్ గెలిచింది! ముక్కలవారీగా చూస్తే ఏవీ1కి తొమ్మిది ముక్కల్లో 94 దగ్గర ఉంది, ఆరో ముక్క ఒక్కటే 61. ఆ నిమిషంలో ఫ్రేముల స్కోర్లు గీసి చూశాం. డాన్సర్లు ఆగి నిలబడ్డచోట 90 పైన, బీట్ అందుకున్నచోట పాతాళం. ఇంకేం, కారణం కూడా దొరికేసింది అనుకున్నాం. మొదటి రివ్యూలో స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో పెట్టాం: "వేగంగా కదిలే దృశ్యాల్లో ఏవీ1 తడబడుతుంది." ప్యానెల్ తల ఊపింది. ఎవరూ ప్రశ్న అడగలేదు. గ్రాఫ్ అందంగా ఉంటే ప్రశ్నలు రావు అని ఆరోజు తెలిసింది.

ప్రశ్న అడిగింది మా టీమ్‌లోని అమ్మాయి, రెండో రివ్యూకి ముందు. ఆ డాన్స్‌లో తను కూడా ఉంది. "ఆరో ముక్క కంటే ఏడో ముక్కలో మా స్టెప్ ఇంకా స్పీడ్ కదా. అక్కడ 94 ఎలా వచ్చింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. సిగ్నల్ ప్రాసెసింగ్ పుస్తకాలు చదివిన మాకు తట్టనిది, ఆ స్టెప్ వేసిన మనిషికి తట్టింది.

మొదట ఫ్రేములు పోయాయేమో అనుకున్నా. రెండు ఫైళ్లలో లెక్కపెట్టా. అసలుది 17,982. ఏవీ1ది 17,982. ఒక్కటి కూడా పోలేదు. ఇంకా మొండిగా ముక్కలవారీగా లెక్కపెట్టా. ఐదో ముక్క: అసలుది 1,799, ఏవీ1ది 1,798. ఆరో ముక్క: అసలుది 1,798, ఏవీ1ది 1,799. మొత్తం సరిపోయింది కాబట్టే మోసపోయాం. ఫ్రేము పోలేదు, పక్కింటికి వెళ్లి కూర్చుంది.

ఎందుకు వెళ్లింది? ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, లెక్క చిన్నదే. ఫ్రేములకి నంబర్లు 0 నుంచి మొదలవుతాయి. 8991వ నంబర్ ఫ్రేము తెరమీదికి వచ్చే సమయం 8991ని 1001తో గుణించి 30000తో భాగిస్తే వస్తుంది: 299.9997 సెకన్లు. ఐదు నిమిషాల గీతకి వెంట్రుకవాసి ఇవతల. అసలు వీడియో ఎంపీ4. దాని టైమ్ లెక్క సెకనులో 30000వ వంతు దాకా పట్టుకుంటుంది కాబట్టి ఆ ఫ్రేము 300 కంటే ముందుదే అని దానికి తెలుసు. ఐదో ముక్కలో పెట్టింది. ఏవీ1 ఫైల్‌ని మేం ఎంకేవీలో సేవ్ చేశాం. ఎంకేవీ మామూలుగా టైమ్‌ని మిల్లీసెకన్లలో రాస్తుంది. 299.9997ని మిల్లీసెకన్లకి సవరిస్తే సరిగ్గా 300.000. అంటే అక్కడ అదే ఫ్రేము ఆరో ముక్కలో మొదటిది అయిపోయింది.

దాంతో ఆరో ముక్కలో అసలు వీడియో 8992 నుంచి మొదలైతే, ఏవీ1 8991 నుంచి మొదలైంది. రెండింటినీ సున్నా నుంచి మొదలయ్యేలా సర్ది పోల్చాం కాబట్టి ఆ నిమిషమంతా ప్రతి ఫ్రేమునీ దాని పక్క ఫ్రేముతో పోల్చాం. డాన్సర్ ఆగి ఉంటే పక్కపక్క ఫ్రేములు ఒకేలా ఉంటాయి, స్కోరు బాగుంటుంది. చెయ్యి ఊపితే ఒక ఫ్రేములో చెయ్యి ఇక్కడ, ఇంకో ఫ్రేములో అక్కడ. వీమాఫ్ దాన్ని నాణ్యత లోపం అనుకుంది. పాపం, దాని తప్పేం లేదు. మనం "అదే ఫ్రేము" అని చెప్పి వేరే ఫ్రేము ఇచ్చాం. మిగతా గీతల దగ్గర ఏ ఫ్రేమూ ఇంత దగ్గరగా లేదు కాబట్టి అక్కడ ఏమీ కాలేదు. ఏడో ముక్క మళ్లీ మామూలుగా 94.

ఇందులో నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటుంది. ఈ తప్పు రెండు వైపులా సమానంగా పడలేదు. హెచ్.264ని ఎంపీ4లో సేవ్ చేశాం కాబట్టి దానికి దెబ్బ తగల్లేదు. మేం పోల్చింది రెండు కోడెక్‌లని అనుకున్నాం, నిజానికి పోల్చింది రెండు డబ్బాలని. కొలతలో చిన్న పొరపాట్లు ఎలాగూ అటూ ఇటూ పడి సర్దుకుంటాయి అని మనలో చాలామందికి ఒక నమ్మకం. సర్దుకోవు. అవి ఎవరో ఒకరి మీదే పడతాయి. ఇక్కడ ఏవీ1 మీద పడ్డాయి. రేపు మీరు కొలిచేది ఇంకేదైనా అయితే, ఒక మనిషి మీదే పడొచ్చు.

సరే, మరి ముక్కలు చేయడం ఎలా? మేం దెబ్బలు తిని నేర్చుకున్నవి చెప్తాను.

మొదటిది, కోత సెకన్లలో వద్దు, ఫ్రేము నంబర్లలో పెట్టండి. ట్రిమ్ ఫిల్టర్ సెకన్లతో పాటు ఫ్రేము నంబర్లు కూడా తీసుకుంటుంది. ఇబ్బంది ఏంటంటే, నంబర్ ప్రకారం వెళ్లాలంటే ప్రతి సిస్టమూ మొదటినుంచి డీకోడ్ చేసుకుంటూ రావాలి, పదో సిస్టమ్ దాదాపు వీడియో మొత్తం. పది నిమిషాల వీడియోకి ఆ ఖర్చు భరించొచ్చు. రెండు గంటల సినిమా అయితే కష్టం. అప్పుడు సమయంతోనే వెళ్లండి, కానీ ఫ్రేము గీత మీద కాకుండా రెండు ఫ్రేముల మధ్యన కోయండి. 8991 నుంచి కావాలంటే 8990.5కి సరిపడే సమయం ఇవ్వండి, అంటే 299.983 సెకన్లు. అటూ ఇటూ సగం ఫ్రేము, 16 మిల్లీసెకన్ల పైన ఖాళీ ఉంటుంది. అర మిల్లీసెకను సవరింపు ఆ ఖాళీని దాటలేదు. అరటిగెలని కణుపు మీద కాకుండా హస్తానికీ హస్తానికీ మధ్య కోసినట్టన్నమాట.

రెండోది, అంచులు. వీమాఫ్ కదలికని కూడా చూస్తుందని చెప్పాను కదా. దానికి ముందు ఫ్రేము, వెనక ఫ్రేము రెండూ కావాలి. ముక్కలో మొదటి ఫ్రేముకి ముందు ఏమీ ఉండదు కాబట్టి కదలిక సున్నా అనుకుంటుంది. చివరి ఫ్రేముకి తర్వాతిది ఉండదు. అంటే ఫ్రేములన్నీ సరిగ్గా ఉన్నా, ప్రతి కోత దగ్గరా స్కోరు కొంచెం మారుతుంది. మందు చిన్నదే: ప్రతి ముక్కకీ ముందొకటి, వెనకొకటి అదనపు ఫ్రేము ఇవ్వండి, కలిపేటప్పుడు ఆ అదనపు వాటి స్కోర్లు తీసేయండి. మా అమ్మ జాకెట్ కుట్టేటప్పుడు కుట్టులోకి పోయే గుడ్డ వదిలి కత్తిరిస్తుంది. ఇదీ అంతే.

మూడోది, యావరేజ్‌ల యావరేజ్. ఇది మనందరికీ తెలిసిన పాపమే. సెమిస్టర్‌కి 24 క్రెడిట్లు ఒకసారి, 18 క్రెడిట్లు ఇంకోసారి ఉంటే, రెండు ఎస్‌జీపీఏలు కూడి రెండుతో భాగిస్తే సీజీపీఏ వస్తుందా? రాదు. ముక్కలు కూడా అంతే, ఫ్రేముల సంఖ్య తేడా ఉంటే బరువు వేయాలి. ఇంకో చిక్కు, సగటు ఒక్కటే కాదు. చాలామంది హార్మోనిక్ మీన్ చూస్తారు, ఎందుకంటే అది పాడైన ఫ్రేములకి ఎక్కువ బరువిస్తుంది. పది హార్మోనిక్ మీన్‌లని మామూలుగా సగటు తీస్తే వచ్చేది దేనికీ చెందని నంబర్. పీఎస్‌ఎన్‌ఆర్ అయితే డెసిబెల్స్‌లో ఉంటుంది, అది లాగరిథమ్. ముక్కల డెసిబెల్స్ సగటు వేరు, మొత్తం వీడియో పొరపాటు మీద లెక్కేసిన డెసిబెల్స్ వేరు. అందుకే ముక్కకి ఒక్క నంబర్ దాచుకోకండి. ఫ్రేముకి ఒక నంబర్ దాచుకోండి. 17,982 స్కోర్లూ ఒకే వరసలో పెట్టి, అప్పుడు ఏ సగటు కావాలంటే అది తీయండి.

నాలుగోది, మొదటిరోజే చేయాల్సింది, మేం చివరిరోజు చేసింది. అసలు ఎంపీ4ని మళ్లీ కుదించకుండా, బిట్టు కూడా మార్చకుండా, ఎంకేవీ డబ్బాలోకి మార్చండి. ఆ రెండింటినీ మీ స్క్రిప్ట్‌తో పీఎస్‌ఎన్‌ఆర్ కొలవండి. బొమ్మ ఒకటే కాబట్టి పదికి పది ముక్కల్లోనూ అనంతం రావాలి. మా పాత స్క్రిప్ట్‌కి ఆరో ముక్కలో అనంతం రాలేదు. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే ఆ స్లైడ్ పుట్టేదే కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం, మీరైనా ముందే పట్టుకోండి.

దీనికి మా హాస్టల్‌లో వచ్చిన అభ్యంతరాలు కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది.

ఒకడన్నాడు: "అసలు ముక్కలెందుకు? లిబ్‌వీమాఫ్‌కి థ్రెడ్స్ ఆప్షన్ ఉంది కదా." నిజమే. ఒకే సిస్టమ్ మీద అయితే ముందు అదే వాడండి. ఉన్న కోర్లన్నీ వాడకుండా ముక్కలకి ఎగబడటం నా తొందరపాటు. ముక్కలు పనికొచ్చేది చాలా సిస్టమ్స్ ఉన్నప్పుడు, లేదా వీడియో మరీ పెద్దదైనప్పుడు. నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్లు వీడియోని ముక్కలుగానే ఎన్‌కోడ్ చేసి కొలుస్తారు. కాబట్టి ముక్కలు నేరం కాదు.

ఇంకొకడు: "ప్రతి ఐదో ఫ్రేమే కొలువు, సగటు దాదాపు అంతే వస్తుంది, పనీ తొందరగా అవుతుంది." సగటు దాదాపు అంతే రావచ్చు. కానీ చూసేవాడి కన్ను సగటుని చూడదు. ఒక్కసారి గళ్లుగళ్లుగా పగిలిన బొమ్మని గుర్తుపెట్టుకుంటుంది. ఐదింటిలో నాలుగు వదిలేస్తే ఆ పగిలినది వదిలేసినవాటిలో ఉండొచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడొచ్చు, బియ్యంలో రాయి ఉందో లేదో ఒక్క గింజ చూసి చెప్పలేం. అయినా ఐదోవంతే కొలుస్తానంటే కొలవండి, కానీ "3,597 ఫ్రేములు కొలిచాం" అని రాయండి. వదిలేయడం తప్పు కాదు, వదిలేసి చెప్పకపోవడం తప్పు.

మూడోవాడి మాటే అసలైనది: "మినీ ప్రాజెక్ట్‌కి ఇంత అవసరమా? మార్కులు ఎలాగూ వస్తాయి." అవును, వస్తాయి. మాకూ మొదటి రివ్యూలో వచ్చాయి, తప్పు స్లైడ్‌కే వచ్చాయి. నా భయం కూడా అదే. మన రిపోర్ట్ లైబ్రరీలోకి వెళ్తుంది. వచ్చే ఏడాది జూనియర్ ఒకడు లిటరేచర్ సర్వే కోసం దాన్ని తెరుస్తాడు. "వేగంగా కదిలే దృశ్యాల్లో ఏవీ1 తడబడుతుంది" అన్న వాక్యాన్ని ఎత్తుకుని తన రిపోర్ట్‌లో పెడతాడు. వాడు మనల్ని నమ్మాడు, అదే వాడు చేసిన తప్పు. ఒక ఫ్రేము పక్కింటికి వెళ్తే ఒక అబద్ధానికి వంశం మొదలైంది.

రెండో రివ్యూకి ముందే గైడ్ దగ్గరికి వెళ్లాం. నిజం చెప్పాలంటే వెళ్లాలా వద్దా అని ఒక రాత్రి వాదించుకున్నాం. ఆరో ముక్కని తీసేసి తొమ్మిదింటితో గ్రాఫ్ గీస్తే ఎవరికీ తెలియదు అని ఒక మాట వచ్చింది. ఆ మాట అన్నది కూడా నేనేనని ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు. డాన్స్ చేసిన అమ్మాయి ఒప్పుకోలేదు. "నేనున్న నిమిషం అది, తీసేయడానికి వీల్లేదు" అంది. సరదాకే అంది కానీ, అదే సరైన మాట.

సార్ అంతా విన్నారు. తిడతారనుకున్నాం. తిట్టలేదు. "కొత్త స్లైడ్ పెట్టండి. పాతది కూడా పక్కన ఉంచండి, ఎందుకు తప్పో రాసి" అన్నారు. ప్యానెల్ ముందు రెండూ చూపించాం. సరిచేశాక ఏవీ1 మొత్తం స్కోరు 94, హెచ్.264ది అదే 92. ఈసారి ప్రశ్నలు చాలా వచ్చాయి. అన్నిటికీ జవాబులు మా దగ్గర లేవు. కానీ మొదటి రివ్యూ కంటే ఈసారే నాకు ప్రశాంతంగా అనిపించింది.

జూనియర్స్‌కి ఒకటే మాట. మీరు వీడియో కొలిచినా, ట్రాఫిక్ కొలిచినా, సెన్సర్ డేటా కొలిచినా, ముక్కలు చేస్తే చేయండి. రిపోర్ట్‌లో ఒక్క లైన్ మాత్రం రాయండి: ఇన్ని వచ్చాయి, ఇన్ని ముక్కలు చేశాం, ఒక్కో ముక్కలో ఇన్ని, కలిపాక ఇన్ని. మొత్తం ఒక్కటే సరిచూసి వదిలేయకండి. మా మొత్తం కూడా సరిపోయింది.

మొన్న సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతయ్యకి ఇదంతా చెప్పా. కోడెక్‌లు అర్థం కాలేదు కానీ పక్కింటికి వెళ్లిన ఫ్రేము బాగా అర్థమైంది. "బస్తాల లెక్క సరిపోతే చాలదురా, ఏ బస్తా ఎవరి పేరు మీద వేశావో చూసుకోవాలి" అన్నాడు. నేను ఇప్పుడు లాగ్ ఫైల్ తెరిచిన ప్రతిసారీ సున్నా నంబర్ ఫ్రేము దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నా. లోపల ఎవరో "లాభం" అన్నట్టుంటుంది. తర్వాత రెండోది లెక్కపెడతా.